రెక్క కింద ఆపే అధికారం

విమానాల్లో పోసే జెట్ ఏ-1 ఇంధనానికి ఫ్లాష్ పాయింట్ కనీసం 38 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రమాణాలు చెబుతాయి. అంత వేడెక్కేదాకా దాని ఉపరితలం మీద నిప్పు అంటుకునేంత ఆవిరి పుట్టదని దీనర్థం. ఒకప్పుడు మన లాంతర్లలో, స్టవ్వుల్లో పోసుకున్న కిరసనాయిలుకు ఇది చాలా దగ్గరి సరుకు. పెట్రోలులా పక్కన అగ్గిపుల్ల గీస్తే భగ్గుమనే రకం కాదు. రోజూ వేలాది విమానాలకు జనం మధ్యనే, ఇంత నిబ్బరంగా ఇంధనం నింపగలుగుతున్నారంటే ఈ గుణం వల్లే. చలిదేశాల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ నిబ్బరం చెల్లుతుంది. బెజవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరంలో మే నెల మధ్యాహ్నం చెల్లదు.

బెజవాడ ఎండలు 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. 2015 మేలో వీచిన వడగాలులకు రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ 45 డిగ్రీలు నీడలో కొలిచే ఉష్ణోగ్రత. విమానం నిలిచే ఏప్రాన్ మీద సిమెంటు నేల గాలికంటే ఎన్నో డిగ్రీలు ఎక్కువగా కాలుతుంది. రోడ్డు మీద గంటలకొద్దీ ఎండలో వచ్చిన ట్యాంకరు, ఆ నేల మీద నిలిచిన రిఫ్యూయలర్ బండి, ఎండకు సెగలు కక్కే విమానం రెక్క, వీటన్నిటి మధ్య ఇంధనం 38 డిగ్రీల గీతను సులభంగానే దాటగలదు. శుద్ధికర్మాగారం నుంచి వచ్చే సరుకు ఫ్లాష్ పాయింట్ సాధారణంగా కనీస ప్రమాణంకంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. అది కొంత ఊరట. కానీ కొన్ని డిగ్రీల తేడాను నమ్ముకుని ఎండాకాలం గడపడం భద్రత అనిపించుకోదు.

ఈ వేసవిలోగా గన్నవరం విమానాశ్రయం, ఇంధన కంపెనీలు, విమానయాన సంస్థలు కలిసి ఒక పని చేయాలి. రెక్క కింద గొట్టం పట్టుకుని నిలబడే మనిషికి, ఎవరినీ అడగకుండా ఇంధనం ఆపే అధికారం కాగితం మీదే కాక ఆచరణలో ఉందో లేదో తేల్చాలి. మిగిలిన జాగ్రత్తలన్నీ దీని తరువాతే వస్తాయి.

బెజవాడలోని గుణదల వాసులకు ఇది దూరపు విషయం కాదు. రామవరప్పాడు రింగు దాటితే ఎనికేపాడు, నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి, ఆపైన గన్నవరం. పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఇంధన ట్యాంకర్లు మన ఆటోల పక్కన, కాలేజీ బస్సుల వెనక నడుస్తాయి. శంషాబాద్‌లో 2008లో విమానాశ్రయం కట్టినప్పుడే నేల కింద హైడ్రంట్ గొట్టాలు వేశారు. విమానం నిలిచిన చోటే మూత తీసి ఇంధనం అందుకోవచ్చు. గన్నవరంలాంటి విమానాశ్రయాల్లో బండ్లమీదే ఆధారం. ట్యాంకరు వచ్చి నిల్వ ట్యాంకులో దించుతుంది, అక్కడి నుంచి రిఫ్యూయలర్ నింపుకుని విమానం దగ్గరికి వెళుతుంది. ఇంధనం చేతులు మారే చోట్లు ఎక్కువ, బండ్ల కదలికలు ఎక్కువ. అంటే మనుషుల జాగ్రత్త మీద ఆధారపడేదీ ఎక్కువే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక అవసరానికి పుట్టిన ఈ విమానాశ్రయం గత పదేళ్లలో ఎదిగిన వేగం తెలిసిందే. 2017లో కొత్త టెర్మినల్, అదే ఏడాది అంతర్జాతీయ హోదా, తరువాత 3,360 మీటర్లకు పెరిగిన రన్‌వే. రాష్ట్ర విభజన తరువాత ప్రభుత్వం విమాన ఇంధనం మీద వ్యాట్‌ను 16 శాతం నుంచి 1 శాతానికి తగ్గించింది. విమానయాన సంస్థల ఖర్చులో పెద్ద పద్దు ఇంధనమే కనుక, పన్ను తక్కువున్న చోట ఎక్కువ నింపుకోవడం వాటి లెక్కల్లో సహజం. ఈ నిర్ణయం రాష్ట్రానికి విమానాలను తెచ్చింది. వాటితోపాటే రెక్క కింద పనినీ పెంచింది. రెండో సంగతి గురించి మనం మాట్లాడుకున్నది తక్కువ.

బయటి నుంచి చూస్తే ఆ పని పెట్రోలు బంకులో బండికి ఆయిలు కొట్టినట్టే కనిపిస్తుంది. తేడా వేగంలో ఉంది. ఒత్తిడితో నింపే పెద్ద గొట్టం నిమిషానికి వందల లీటర్లు పంపుతుంది. ఏ320 తరగతి విమానం ట్యాంకుల్లో ఇరవై వేల లీటర్లకు పైగా పడుతుంది. అంత ఇంధనం వేగంగా గొట్టాల్లోంచి, మరీ ముఖ్యంగా సన్నటి ఫిల్టర్లలోంచి రాసుకుంటూ పోయేటప్పుడు దానిలో స్థిరవిద్యుత్తు పోగవుతుంది. అందుకే ఇంధనంలో విద్యుత్ వాహకతను పెంచే రసాయనం కలుపుతారు. అందుకే గొట్టం తగిలించకముందే బండికీ విమానానికీ మధ్య బాండింగ్ వైరు కలుపుతారు. మొదట కలిపేది వైరు, చివర తీసేది వైరు. ఈ వరుస తప్పితే రెండు లోహాల మధ్య నిప్పురవ్వ లేచే అవకాశాన్ని, సరిగ్గా ఆవిరి ఉండే చోటికే మనం మోసుకెళ్లినట్టు.

డెల్టాలో గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది కదా, ఇక్కడ స్థిరవిద్యుత్తు భయమేమిటని అనుకునేవారు ఉంటారు. తడి గాలి బట్టల మీద, చర్మం మీద పోగైన విద్యుత్తును దింపుతుంది, నిజమే. కానీ ఇంధనంలో పుట్టే విద్యుత్తు మూసిన గొట్టంలో, ఫిల్టరులో పుడుతుంది. బయటి ఉక్కపోత లోపలికి చేరదు. తీరప్రాంత సిబ్బంది శిక్షణలో ఈ ఒక్క విషయాన్ని విడిగా, ప్రయోగం చేసి చూపించి మరీ చెప్పాలి.

బండి విమానం దగ్గరికి చేరే పద్ధతిలోనూ ఆలోచన ఉంది. దూరంగా ఒకసారి ఆగి బ్రేకులు పరీక్షించుకోవాలి. మనిషి సైగ చేస్తేనే దగ్గరికి రావాలి. ప్రమాదం జరిగితే వెనక్కి తిప్పుకోకుండా నేరుగా ముందుకు వెళ్లిపోయేలా నిలపాలి, ఆ దారిలో సామాను ట్రాలీ గానీ మెట్ల బండి గానీ అడ్డుండకూడదు. ఇక్కడే చాలా విమానాశ్రయాల్లో పద్ధతి పలచబడుతుంది. విమానం ఆగిన క్షణం నుంచి దాని చుట్టూ సామాను, భోజనం, నీళ్లు, శుభ్రత బండ్లు ఒక్కసారిగా మూగుతాయి. ప్రతి బండికీ తన పనే ముందు. ఇంధనం బండి దారిని ఇంకో బండి మూసేసినా ఆ నిమిషంలో ఎవరికీ ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే అలవాటుకు పునాది అవుతుంది.

గన్నవరం ఏప్రాన్ మీద కదలికలు ఎంత జాగ్రత్త కోరుతాయో 2021 ఫిబ్రవరి 20న అందరూ చూశారు. దోహా నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం క్షేమంగా దిగాక, నిలిపే చోటికి వెళుతూ రెక్కతో దీపస్తంభాన్ని గుద్దింది. లోపలున్న 64 మంది ప్రయాణికులకు ఏమీ కాలేదు. కానీ విమానాల్లో ఇంధనం ఉండేది ప్రధానంగా రెక్కల్లోనే. ఆ వార్తను స్తంభం విరిగిన బొమ్మతో చూసి మరిచిపోయాం.

ఇంధనం నింపే మనిషి చేతిలో ఉండే మీటను ఆ పనివాళ్లు డెడ్‌మ్యాన్ అంటారు. నొక్కి పట్టుకుని ఉంటేనే ఇంధనం పారుతుంది, వదిలితే ఆగిపోతుంది. కళ్లు తిరిగి పడిపోయినా, భయంతో పరుగెత్తినా, ఏమరుపాటున చేయి జారినా ఆగిపోవాలనే ఆ ఏర్పాటు. చాలా బండ్లలో దాన్ని మధ్యమధ్య వదిలి మళ్లీ నొక్కాలి, లేకపోతే దానంతట అదే ఆపేస్తుంది. ఇది మంచి యంత్రం. అయినా దాన్ని తాడుతో కట్టేయడం, సందులో ఏదో దూర్చి నొక్కి ఉంచడం ప్రపంచంలో అనేక చోట్ల తనిఖీలలో దొరికిన తప్పు. ఎందుకలా చేస్తారు? ఒకే మనిషి మీటా పట్టుకోవాలి, మీటరూ చూడాలి, రెక్క చివర వెంట్ దగ్గర కారుతున్నదేమో గమనించాలి, కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. నలభై డిగ్రీల ఎండలో, పూర్తి చేతుల నూలు యూనిఫాం, మెరిసే జాకెట్టు, చేతొడుగులు, చెవులకు రక్షణ తొడుక్కుని ఇవన్నీ చేయాలి. మనిషిని తగ్గించి పని తగ్గించకపోతే, తగ్గేది జాగ్రత్తే. కట్టేసిన మీటను చూసి మనిషిని శిక్షించే ముందు, అక్కడ రెండో మనిషి ఎందుకు లేడని అడగాలి.

ఆ మనిషికి ఎదురయ్యే ప్రమాదం మాటవరసకు చెప్పేది కాదు. 2001 సెప్టెంబరు 5న అమెరికాలోని డెన్వర్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777కు ఇంధనం నింపుతుండగా రెక్క దగ్గర గొట్టం అతుకు ఊడింది. ఒత్తిడితో చిమ్మిన ఇంధనం తుంపరలై అంటుకుంది. విమానంలోని వారు క్షేమంగా బయటపడ్డారు. పైకెత్తిన వేదిక మీద నిలబడి ఇంధనం నింపుతున్న కార్మికుడు తీవ్రంగా కాలి, తరువాత చనిపోయాడు. తుంపరగా చిమ్మిన ఇంధనానికి ఫ్లాష్ పాయింట్ లెక్కలు వర్తించవు, అంతకంటే చల్లగా ఉన్నా మండుతుంది. గొట్టం తగిలించిన ప్రతిసారీ అతుకు సరిగ్గా కూర్చుందో లేదో కుదిపి చూడటం, అరిగిన భాగాలను గడువుకు ముందే మార్చడం ఎందుకంటే ఇందుకే. విమానం వైపు ఉండే అతుకు బాధ్యత విమాన సంస్థది, గొట్టం బాధ్యత ఇంధన కంపెనీది. రెంటి మధ్య ఉండే మనిషి ఎవరి బాధ్యత అన్నది ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉండాలి. కాంట్రాక్టు కింద, ఆ కాంట్రాక్టు కింద మరో కాంట్రాక్టు కింద పనిచేసేవారి విషయంలో ఇంకా స్పష్టంగా ఉండాలి.

ఆవిరి ఎలా ప్రవర్తిస్తుందో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్‌లో, 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ గొట్టం దగ్గర జరిగిన ప్రమాదాలు మనకు గుర్తున్నాయి. ఆ రెండూ వేరే రకం ఇంధనాలు, వేరే స్థాయి ప్రమాదాలు, విమాన ఇంధనంతో నేరుగా పోల్చలేం. అయినా రెండు చోట్లా క్రమం ఒకటే. ముందు లీకు, తరువాత కాసేపు ఎవరికీ పట్టని విరామం, ఆ తరువాత ఎక్కడో నిప్పు. ఆ విరామంలో ఎవరో ఒకరు ఆపగలిగి ఉండాలి.

గుణదలలో ఉన్న విద్యుత్ సౌధ చుట్టుపక్కల ఈ మాట విలువ ఎక్కువమందికి తెలుసు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. లైన్ క్లియర్ లేకుండా ఎక్కించడానికి ఏ ఇంజినీరుకూ హక్కు లేదు, ఎల్‌సీ తిరిగి ఇచ్చేదాకా సరఫరా వదలడానికి ఆపరేటరుకూ హక్కు లేదు. ఊరంతా చీకట్లో ఉండి ఫోన్లు మోగుతున్నా ఆ నియమం మారదు. మారిన చోట మనుషులు చనిపోయారు, అందుకే ఆ శాఖలో ఆ రెండక్షరాలకు అంత బరువు వచ్చింది. రెక్క కింద మనిషికి ఉన్న ఆపే హక్కుకు కూడా అదే బరువు రావాలి. ఇప్పుడు పుస్తకాల్లో ఆ హక్కు ఉంది. డీజీసీఏ నిబంధనలూ, 1937 నాటి విమాన నియమాలూ, పెట్రోలియం చట్టం కింద వచ్చిన నియమాలూ, ఇంధన కంపెనీల సొంత మాన్యువళ్లూ అన్నీ ప్రమాదం కనిపిస్తే ఆపమనే చెబుతాయి. ఆపినవాడికి మరుసటి రోజు ఏమవుతుందో మాత్రం ఏ పుస్తకమూ చెప్పదు.

తక్కువ దూరపు ప్రయాణాల్లో విమానం నేల మీద ఉండేది అరగంట. ఆ అరగంట దాటితే ఆలస్యానికి కారణం రాయాలి, ఆ కారణానికి ఒక సంకేతం, ఆ సంకేతం ఎవరి ఖాతాలో పడితే వారి మీద ప్రశ్నలు. మెరుపులు మెరిశాయని పది నిమిషాలు ఆపిన ఇంధన సిబ్బంది ఖాతాలో ఆలస్యం పడితే, రెండోసారి వారు ఆకాశం వైపు చూడటం మానేస్తారు. మనిషి స్వభావంలో చెడ్డతనం ఏమీ అక్కర్లేదు, లెక్క వేసే పద్ధతి చాలు.

మెరుపుల సంగతి మన దగ్గర చిన్నది కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ లెక్కగట్టింది. వేసవి చివర సాయంత్రాలు ఈదురుగాలితో పాటు వచ్చే ఉరుముల వానలు డెల్టాకు మామూలే, సాయంత్రం విమానాల రద్దీకీ అదే వేళ. ఉరుముల మేఘం దగ్గరికి వస్తే ఇంధనం ఆపాలన్నది అంతటా ఉన్న నియమం. దగ్గర అంటే ఎంత, ఎవరు చెప్పాలి, ఎవరు మళ్లీ మొదలుపెట్టమనాలి అన్నది విమానాశ్రయం స్థాయిలో ఒకే కంఠంతో రావాలి. పిడుగుల హెచ్చరిక వ్యవస్థ రాష్ట్రంలో ఇప్పటికే ఉంది, పొలాల్లోని రైతుల ఫోన్లకు సందేశాలు పంపుతోంది. ఆ సమాచారాన్ని ఏప్రాన్ మీదికి సైరనుగా, దీపంగా తేవడం పెద్ద ఖర్చు కాదు. అప్పుడు ఆపింది ఒక కార్మికుడు అవడు, విమానాశ్రయం అవుతుంది.

నిప్పు భయం ఒకవైపు, నీటి భయం మరోవైపు. నిజానికి డెల్టాలో ఇంధనానికి నీరే పాత శత్రువు. ఇంధనంలో కంటికి కనపడనంత నీరు కరిగి ఉంటుంది. పదివేల మీటర్ల ఎత్తున చలికి అది విడివడి మంచుగా మారుతుంది. 2008 జనవరి 17న బీజింగ్ నుంచి వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం లండన్ హీత్రూ రన్‌వేకు ముందే నేల తాకడానికి కారణం ఇంధనంలో పుట్టిన మంచే. వెచ్చటి తేమ ప్రాంతాల్లో ట్యాంకు అడుగున నిలిచిన నీటికీ ఇంధనానికీ మధ్య పొరలో బూజు పెరుగుతుంది. అది ఫిల్టర్లను మూస్తుంది, లోహాన్ని తింటుంది. రోజూ పొద్దున ట్యాంకు అడుగు నుంచి కొంత ఇంధనం దించి గాజు పాత్రలో చూడటం, సిరంజితో క్యాప్సూల్‌లోకి లాగి రంగు మారిందేమో గమనించడం అందుకే. పసుపు కాగితం ఆకుపచ్చకు తిరిగితే ఆ సరుకు విమానం ఎక్కకూడదు. ఆ క్యాప్సూళ్లకు గడువు తేదీ ఉంటుంది. గడువు దాటిన క్యాప్సూల్ ఇచ్చే సమాధానాన్ని నమ్మలేం.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు సింగ్‌నగర్‌ను, దాని చుట్టుపక్కల కాలనీలను ముంచినప్పుడు నీరు ఎక్కడెక్కడికి చేరగలదో బెజవాడ కళ్లారా చూసింది. బుడమేరు, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మధ్య బతికే మనకు నేల కింద నిల్వ ట్యాంకు అనగానే మొదట రావలసిన ప్రశ్న దాని మూత ఎంత ఎత్తులో ఉంది అన్నదే. వరద తరువాత, భారీ వాన తరువాత, నిర్మాణ పని తరువాత ఇంధన నిల్వను కొత్తగా పరీక్షించాకే వాడాలి. ఈ మూడోది ఎంత ముఖ్యమో ఇండోనేషియాలో తేలింది.

2010 ఏప్రిల్ 13న సురబయ నుంచి హాంకాంగ్ బయలుదేరిన కేథే పసిఫిక్ 780 విమానంలో 322 మంది ఉన్నారు. దారిలో ఇంజిన్లు మాట వినడం మానేశాయి. దిగే సమయానికి ఒక ఇంజిన్ శక్తి తగ్గదు, మరొకటి పెరగదు. మామూలు కంటే ఎంతో ఎక్కువగా, గంటకు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా వేగంతో రన్‌వేను తాకింది. బ్రేకులు ఎర్రగా కాలి టైర్లు గాలి వదిలాయి. ఖాళీ చేయించేటప్పుడు యాభైమందికి పైగా గాయపడ్డారు, ప్రాణాలు మాత్రం నిలిచాయి. దర్యాప్తులో మూలం దొరికింది సురబయ ఏప్రాన్ కింద. అక్కడ ఏప్రాన్ విస్తరణ పనుల్లో హైడ్రంట్ గొట్టాల్లోకి ఉప్పునీరు చేరింది. నీటిని పీల్చుకోవడానికి ఇంధన బండి ఫిల్టర్లలో ఉండే జిగురు పదార్థం ఉప్పునీటి వల్ల చెదిరి, సన్నని గుండ్లుగా విమానంలోకి వెళ్లి ఇంజిన్ల ఇంధన భాగాలను పట్టేసింది. రక్షణకు పెట్టిన ఫిల్టరే ప్రమాదానికి దారి అయింది. ఆ ఘటన తరువాత ప్రపంచ ఇంధన పరిశ్రమ ఆ రకం ఫిల్టర్లను క్రమంగా తొలగించే నిర్ణయం తీసుకుంది.

గన్నవరంలో కూడా రన్‌వే పొడిగింపు, ఏప్రాన్ విస్తరణ, కొత్త టెర్మినల్ పనులు ఏళ్ల తరబడి నడిచాయి. భోగాపురంలో సరికొత్త విమానాశ్రయం నిర్మాణం చేపట్టారు. ఏ తవ్వకం జరిగినా ఇంధన సిబ్బందికి ముందుగా తెలియజేయడం, పని ముగిశాక వారు సంతకం పెట్టాకే ఇంధనం వదలడం నిర్మాణ ఒప్పందంలోనే షరతుగా ఉండాలి. కాంక్రీటు పోసేవారికి ఇంధన నాణ్యత గురించి తెలియాలని ఆశించలేం, ఎవరిని అడగాలో మాత్రం తెలియాలి.

లెక్కల గురించి ఒక మాట. ఇంధన కంపెనీ లీటర్లలో పోస్తుంది, పైలట్ కిలోల్లో అడుగుతాడు. 1983 జులై 23న ఎయిర్ కెనడా 143 విమానానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకుల్లో అప్పటికే ఉన్నది 7,682 లీటర్లు. కిలోల్లోకి మార్చడానికి 0.803తో గుణించాల్సిన చోట పౌండ్లకు సంబంధించిన 1.77తో గుణించారు. ఇరవై వేల లీటర్లు పోయాల్సిన చోట 4,917 లీటర్లు పోశారు. ఆకాశంలో రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. గిమ్లి అనే ఊళ్లో మూతబడ్డ సైనిక రన్‌వే మీద పైలట్లు దాన్ని గ్లైడరులా దించగలిగారు కనుక 69 మందీ బతికారు. మన దేశంలో పౌండ్ల గొడవ లేదు, కానీ సాంద్రత గొడవ ఉంది. ప్రమాణం ప్రకారం 15 డిగ్రీల వద్ద జెట్ ఏ-1 సాంద్రత లీటరుకు 0.775 నుంచి 0.840 కిలోల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. 15 డిగ్రీల వద్ద తీసుకున్న సాంద్రతతోనే 40 డిగ్రీల ఇంధనం పదివేల లీటర్లు లెక్కిస్తే దాదాపు 180 కిలోలు కాగితం మీదే ఉంటాయి, ట్యాంకులో ఉండవు. విమానం సొంత గేజీలు దీన్ని పట్టుకుంటాయి. గేజీ, మీటరు, కాగితం మూడూ సరిపోలాయో లేదో చూసే చూపు మాత్రం ఎండలో వాడిపోకూడదు.

నమూనాలు దాచి ఉంచడాన్ని చాలామంది లాంఛనంగా చూస్తారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 171 కూలి విమానంలోని 241 మంది, నేల మీద 19 మంది చనిపోయినప్పుడు, రెండు ఇంజిన్లూ ఒకేసారి శక్తి కోల్పోయాయనగానే కల్తీ ఇంధనమన్న మాట దేశమంతా తిరిగింది. నెల తిరిగేసరికి వచ్చిన ప్రాథమిక నివేదిక, ఆ విమానానికి ఇంధనం నింపిన బండ్ల (బౌజర్ల) నుంచి, ట్యాంకుల నుంచి తీసిన నమూనాలు పరీక్షలో సంతృప్తికరంగా ఉన్నాయని చెప్పింది. ఇంధనం నింపిన సిబ్బంది మీద పడబోయిన నింద ఆ పరీక్షతో తొలగింది. రోజూ నమూనా తీసి, ముద్ర వేసి, తేదీ రాసి దాచే ఆ కార్మికుడు తన కోసం కూడా సాక్ష్యం దాచుకుంటున్నాడు. ఈ మాట శిక్షణ మొదటి రోజే చెప్పాలి.

ప్రయాణికులుగా మన వంతు చిన్నదే అయినా లేకపోలేదు. ఇంధనం నింపుతున్నాం, సీటు బెల్టు పెట్టుకోకండి అని విమానంలో ప్రకటన వస్తుంది. ప్రయాణికులు లోపల ఉండగా ఇంధనం నింపాలంటే తలుపుల దగ్గర సిబ్బంది ఉండాలి, బయటకు వెళ్లే దారి ఖాళీగా ఉండాలి, కాక్‌పిట్‌కూ రెక్క కింద మనిషికీ మాట కలిసి ఉండాలి. ఆ వేళ బెల్టు పెట్టుకుని చెవుల్లో పాటలు పెట్టుకోవడం, నడవలో సంచులు పరచడం ఆ ఏర్పాటును దెబ్బతీస్తాయి. మెట్ల నుంచి దిగి ఏప్రాన్ మీద నడిచేటప్పుడు సెల్ఫీ కోసం రెక్క కిందికి వెళ్లేవారు ఉంటారు. రెక్క చివర ఇంధన ఆవిరి బయటికి వచ్చే వెంట్ ఉంటుంది. ఆ చుట్టూ కనీసం 3 మీటర్ల మేర ఫోనూ నిప్పూ రాకూడదు. అక్కడి సిబ్బంది కేకేస్తే కోపగించుకోకుండా వెనక్కి రావాలి.

విమానాశ్రయం, ఇంధన కంపెనీల నుంచి అడగాల్సింది ఎక్కువ. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు పగటి పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా రెక్క కింద ఇద్దరు మనుషులు ఉండాలి. ఒక విమానానికీ మరో విమానానికీ మధ్య నీడలో కూర్చునే చోటు, చల్లటి మజ్జిగ, ఓఆర్ఎస్ ఉండాలి. ఇవి దయతో ఇచ్చేవి కావు. వడదెబ్బ మొదట తీసేది మనిషి చూపులోని పదునునే, ఆ పదును మీదే మిగతా అన్ని కొలతలూ నిలబడి ఉన్నాయి. నిల్వ ట్యాంకులో, బండిలో ఇంధనం ఉష్ణోగ్రతను రోజుకు మూడుసార్లు రాసి, 38 డిగ్రీలు దాటిన రోజుల్లో వేరే జాగ్రత్తల పట్టీ అమల్లోకి రావాలి. ఆలస్యం సంకేతాల్లో భద్రత కోసం ఇంధనం ఆపడాన్ని ఎవరి ఖాతాలోనూ వేయకూడదు, విడిగా నమోదు చేయాలి.

ఆ నమోదు జనం ముందుకు రావాలి. ప్రతి విమానాశ్రయానికి స్థానిక ఎంపీ అధ్యక్షతన సలహా సంఘం ఉంది. దాని సమావేశాల్లో కొత్త విమానాలు, పార్కింగ్ రుసుము, టెర్మినల్ గడువుల గురించి చర్చ జరుగుతుంది. కేంద్రంలో పౌర విమానయాన శాఖ 2014 నుంచి 2018 దాకా విజయనగరం నేత చేతిలో ఉంది, 2024 జూన్ నుంచి శ్రీకాకుళం నేత చేతిలో ఉంది. ఆ శాఖను ఇంత దగ్గరగా చూసిన రాష్ట్రం, గన్నవరం సలహా సంఘం ఎజెండాలో ఒక వరుస చేర్చమని అడగడం అత్యాశ కాదు. గత మూడు నెలల్లో ఇంధనం నింపడాన్ని భద్రత కోసం ఎన్నిసార్లు ఆపారు, ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు. ఇంత వేడి, ఇన్ని పిడుగులు, ఇంత వాన ఉన్న చోట ఆ వరుసలో సున్నా కనిపిస్తే, సంఘం సభ్యులు ఆ సున్నా దగ్గరే ఆగి, రెక్క కింద పనిచేసేవారిని పిలిపించి, అధికారులు లేని గదిలో మాట్లాడాలి.